రిస్క్ అసెస్‌మెంట్ ఎలా చేయాలి: కోర్టు, ఆసుపత్రి, ఫ్యాక్టరీ, పిల్లల సంరక్షణ దాకా సమగ్ర మార్గదర్శి

రిస్క్ అసెస్‌మెంట్, అంటే ముప్పు ఎంతుందో ముందే అంచనా వేయడం, చేయమనగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫారం వెతకడం. ఎవరో పాత ఆఫీసులో వాడిన ఎక్సెల్ షీట్ దొరుకుతుంది, పేర్లు మార్చి, ఎరుపు పసుపు పచ్చ రంగులు నింపి, సంతకం పెట్టి ఫైల్లో పెడతారు, ఆడిట్ అయిపోతుంది. దీన్ని రిస్క్ అసెస్‌మెంట్ అనడం నాకు ఇష్టం లేదు. స్కోరు వచ్చాక ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేస్తారో ముందే రాసి లేకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ నేను పట్టుకు వేలాడేది ఈ ఒక్క విషయాన్నే.

మొదటి మెట్టు: ఏ నిర్ణయం కోసమో ఒక్క వాక్యంలో రాయండి

"ఇతను ప్రమాదకరమైన మనిషా?" అనేది ప్రశ్న కాదు, దానికి జవాబూ ఉండదు. "కేసు తేలేదాకా బయట ఉంచితే వాయిదాలకు వస్తాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా?" అనేది ప్రశ్న. మన కోర్టుల్లో బెయిల్ దగ్గర చూసేవి ముఖ్యంగా మూడు: పారిపోతాడా, సాక్ష్యాలు చెడగొడతాడా, సాక్షుల్ని ప్రభావితం చేస్తాడా. స్కోరు లేకపోయినా ఇదీ రిస్క్ అసెస్‌మెంటే. అలాగే 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో చేతికి దొరికాడు కదా అని అరెస్టు చేయకూడదు, ఎందుకు అవసరమో కారణాలు చెక్‌లిస్టులో రాసి మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇప్పుడు ఆ నియమం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కొత్త నేర ప్రక్రియ చట్టం) 35వ సెక్షన్లో ఉంది. ఆ చెక్‌లిస్టులో ప్రతి గడీ ఒక నిర్దిష్టమైన భయం గురించే అడుగుతుంది, మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఎక్కడా అడగదు.

ప్రశ్న మారితే పరికరమూ మారాలి. అమెరికాలో కాంపాస్ అని ఒక స్కోరింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. శిక్ష పడ్డాక ఆ మనిషికి ఎలాంటి పర్యవేక్షణ, ఎలాంటి చికిత్స కావాలో చూసుకోవడానికి జైళ్ల శాఖ కోసం తయారైంది. విస్కాన్సిన్‌లో శిక్ష వేసేటప్పుడు జడ్జి దాన్ని ప్రస్తావించడంతో లూమిస్ అనే ముద్దాయి కేసు వచ్చింది. 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వాడకాన్ని నిషేధించలేదు కానీ, స్కోరే నిర్ణయాన్ని తేల్చేది కాకూడదని, దాని లోపాలేమిటో జడ్జికి హెచ్చరికగా రాసి ఇవ్వాలని షరతులు పెట్టింది. మన జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ తీసుకోండి. 16 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా చూడాల్సింది, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే శక్తి, అది జరిగిన పరిస్థితులు. "మళ్లీ చేస్తాడా?" అన్న ప్రశ్న అందులో లేదు. అక్కడికి తిరిగి నేరం చేసే అవకాశాన్ని కొలిచే స్కేలు పట్టుకెళితే వేరే పరీక్షకు రాయాల్సిన జవాబు ఇక్కడ రాసినట్టే.

చక్కగా తయారైన పరికరం ఎలా ఉంటుందో చూడాలంటే ఆసుపత్రి వార్డుకు వెళ్లండి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్2 స్కోరు, రోగి పరిస్థితి దిగజారుతోందేమో ముందే పసిగట్టడానికి. అందులో చూసేవి మామూలు వైటల్సే: శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, బీపీ, పల్స్, స్పృహ, జ్వరం. వీటికి వేసిన మార్కుల మొత్తం సున్నా అయితే పన్నెండు గంటలకోసారి చూస్తే చాలు. 1 నుంచి 4 మధ్య ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. 5 కానీ 6 కానీ వచ్చిందా, గంటగంటకూ వైటల్స్ తీయాలి, డాక్టర్‌ను అత్యవసరంగా పిలవాలి. 7 కానీ అంతకంటే ఎక్కువ కానీ వస్తే నిరంతరం మానిటర్, ఎమర్జెన్సీ టీమ్. మొత్తం తక్కువే ఉన్నా ఏ ఒక్కదానిలో 3 పడినా నర్సు ఊరుకోకూడదు. అంకె పక్కనే పని రాసి ఉంది చూశారా, మీ షీట్లో అలా లేకపోతే ముందు ఆ కాలమ్ చేర్చి తర్వాత మిగతాది చూడండి.

రెండో మెట్టు: ఇప్పటికిప్పుడు ఉన్న ప్రమాదాన్ని, ముందు ముందు రాబోయే ముప్పును విడదీయండి

పిల్లల సంరక్షణలో పనిచేసేవాళ్లు మొదట నేర్చుకునేది ఇదే, మిగతా రంగాలవాళ్లు తరచూ మర్చిపోయేదీ ఇదే. ఈ రాత్రి ఈ బిడ్డ ఈ ఇంట్లో క్షేమంగా ఉంటుందా అనేది ఒక ప్రశ్న. వచ్చే ఏడాదిలో ఈ ఇంట్లో మళ్లీ హింస జరిగే అవకాశం ఎంత అనేది ఇంకొకటి. మొదటిదానికి స్కోరు అక్కర్లేదు, కళ్లు, చెవులు, ఫోను కావాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కాల్ చేయడం, బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచడం దానికి సంబంధించినవి. రెండోదానికి సమయం ఉంది. కమిటీ ఆదేశిస్తే సోషల్ వర్కర్ 15 రోజుల్లో సామాజిక విచారణ పూర్తి చేయాలని చట్టమే చెబుతోంది, ఆ పదిహేను రోజులూ ఇల్లు, బడి, పక్కింటివాళ్లు, అమ్మమ్మ వాళ్లు, తండ్రి సంపాదన, తాగుడు, అన్నీ కనుక్కోవడానికే. ఈ రెంటినీ ఒకే ఫారంలో కలిపేస్తే, పేదరికం లాంటి దీర్ఘకాలపు విషయాలకు వచ్చిన మార్కులు చూసి కంగారుపడి బిడ్డను ఎత్తుకెళ్లిపోవడం, ఒంటి మీద తాజా కమిలిన గుర్తులు కనిపిస్తున్నా "మొత్తం స్కోరు తక్కువే కదా" అని వదిలేయడం, రెండూ జరుగుతాయి.

గృహహింస దగ్గర కూడా ఇంతే. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ నర్సింగ్ ప్రొఫెసర్ 1980ల్లో తయారుచేసిన డేంజర్ అసెస్‌మెంట్‌లో స్కోరు కంటే ముందు ఒక క్యాలెండర్ ఇస్తారు, గత ఏడాదిలో ఏ రోజు ఏం జరిగిందో బాధితురాలినే గుర్తుపెట్టమంటారు. అలా పెట్టుకుంటూ పోతే, ఎప్పుడో ఒకసారి అనుకున్నది నెలనెలా, తర్వాత వారంవారం అవుతున్నట్టు ఆమెకే కనబడుతుంది. ఎప్పుడైనా గొంతు నులిమాడా అని తప్పకుండా అడగాలి. అవును అంటే దాన్ని మిగతా దెబ్బలతో కలిపి లెక్కేయకండి, హత్య దాకా వెళ్లే కేసుల్లో తరచూ ముందు కనిపించే గుర్తు అది.

మూడో మెట్టు: పద్ధతి ఎంచుకోండి

స్థూలంగా మూడు దారులు. అనుభవంతో చెప్పేయడం మొదటిది. సీనియర్ డాక్టర్, సీనియర్ ఎస్సై, సీనియర్ ఆపరేటర్, "నాకు తెలుసు" అంటారు. గతంలో జరిగినవాటి లెక్కల నుంచి తీసిన సూత్రంతో స్కోరు వేయడం రెండోది. 1954లో పాల్ మీల్ అనే మనస్తత్వవేత్త ఈ రెంటినీ పోల్చిచూసి, చాలా సందర్భాల్లో సాదా లెక్కే నిపుణుడికి సమానంగానో అంతకంటే మెరుగ్గానో వస్తోందని చెప్పాడు, నిపుణులు ఇప్పటికీ ఆయన మీద కోపంగానే ఉన్నారు. మూడోది రెంటి మధ్య దారి: ఏ ఏ అంశాలు చూడాలో ముందే ఖరారై ఉంటాయి, చివరి మాట మాత్రం మనిషిదే. హింసకు పాల్పడే అవకాశాన్ని చూసే హెచ్‌సీఆర్-20 ఇలాంటిదే. పది గతానికి సంబంధించినవి, ఐదు ఇప్పటి మానసిక స్థితివి, ఐదు ముందు ముందు పరిస్థితులవి.

నా అభిప్రాయం అడిగితే, ఒకేలాంటి కేసులు వేలల్లో వచ్చే చోట సూత్రం వాడండి. కేసులు తక్కువ, తప్పు జరిగితే నష్టం పెద్దది అయిన చోట మూడోది. వట్టి అనుభవం మాత్రం మొదటి ఐదు నిమిషాలకు సరిపోతుంది, ఫైలుకు సరిపోదు.

ఫ్యాక్టరీలో అందరికీ తెలిసింది 5×5 మ్యాట్రిక్స్, అంటే అవకాశానికి 1 నుంచి 5, తీవ్రతకు 1 నుంచి 5 వేసి గుణించడం. సులువు కాబట్టే అందరూ వాడతారు, కానీ అందులో ఒక గుంట ఉంది. రోజూ చేతికి తగిలే చిన్న గీరుకు 5×1 అంటే 5, ఎప్పుడో ఒకసారి జరిగి పది మందిని చంపే పేలుడుకు 1×5 అంటే అదీ 5. షీట్లో రెండూ ఒకే పచ్చరంగులో పక్కపక్కన కూర్చుంటాయి! అందుకని తీవ్రత 5 ఉన్న ప్రతిదాన్నీ అవకాశం ఎంతని వేసినా సరే వేరే పేజీలోకి తీసి, ఒక్కోదాని మీద విడిగా కూర్చోండి. రసాయన పరిశ్రమలో ఆ కూర్చునే పద్ధతిని హాజోప్ అంటారు, 1960ల్లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో పుట్టింది. ఒక్కో పైపు, ఒక్కో ట్యాంకు దగ్గర ఆగి, ప్రవాహం లేకపోతే? ఎక్కువైతే? తక్కువైతే? వెనక్కి వస్తే? అని వరసగా అడుగుతూ పోవడమే. విసుగ్గానే ఉంటుంది, విసుగు తెప్పించని హాజోప్ సరిగ్గా చేయనట్టే లెక్క.

నాలుగో మెట్టు: మారేవి, మారనివి వేరు చేయండి

దీన్ని మీ మీదే ప్రయత్నించవచ్చు. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌వాళ్లు 2005లో తెచ్చిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరుకు రక్తపరీక్ష కూడా అక్కర్లేదు, టేపు చాలు. వయసు 35 నుంచి 49 అయితే 20, యాభై దాటితే 30. నడుము కొలత మగవాళ్లకు 90 నుంచి 99 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 నుంచి 89 అయితే 10, అంతకు మించితే 20. వ్యాయామం లేదు, కూర్చుని చేసే పని అయితే 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 కానీ అంతకంటే ఎక్కువ కానీ వస్తే ముప్పు ఎక్కువ, 30 కంటే తక్కువైతే తక్కువ.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 42 ఏళ్లు, నడుము 96, నడక కూడా లేదు, నాన్నకు షుగర్ ఉందనుకోండి. 20, 10, 30, 10 కలిపితే 70. ఇప్పుడు ఈ డెబ్భైని రెండుగా విడదీయండి. వయసు, నాన్న కలిపి 30, అవి ఎవరూ మార్చలేరు. నడుము, కదలిక కలిపి 40, అది అతని చేతిలో ఉంది. స్కోరు చెప్పి టెన్షన్ పెట్టి పంపడం కాకుండా, ముందు షుగర్ పరీక్ష చేయించి, ఈ నలభైలో ఏది ఎప్పటికి తగ్గిద్దాం అని మాట్లాడితేనే ఆ లెక్కకు అర్థం. ఊళ్లలో ఆశా కార్యకర్తలు ముప్ఫై దాటినవాళ్లకు బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు చూడటానికి నింపే సీబాక్ ఫారం కూడా ఇదే కోవది, అందులో స్కోరు 4 దాటినవాళ్లను ముందుగా స్క్రీనింగ్‌కు పంపాలి. నాలుగు లోపు వస్తే పరీక్ష అక్కర్లేదని మాత్రం కాదు, ముప్ఫై దాటిన అందరికీ స్క్రీనింగ్ ఉంది, స్కోరు వరసను మాత్రమే తేలుస్తుంది.

నేరాల స్కోర్లలోనూ ఇదే విభజన పనిచేస్తుంది. మొదటిసారి ఏ వయసులో అరెస్టయ్యాడు, ఎన్ని పాత కేసులున్నాయి అనేవి ఎన్నేళ్లు బుద్ధిగా ఉన్నా తగ్గవు. పని ఉందా, తాగుడు మానాడా, ఎవరితో తిరుగుతున్నాడు అనేవి మారతాయి. మారని అంశాల మీదే నిలబడిన స్కోరు, విడుదలయ్యాక ఎలా సాయం చేయాలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఐదో మెట్టు: కాగితం పక్కన పెట్టి స్థలానికి వెళ్లండి, ముఖ్యంగా పని ఆగి ఉన్నప్పుడు

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం సంగతి మనందరికీ తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు నడవడం లేదు. నడవని ప్లాంటులో రిస్క్ ఏముంటుందిలే అన్న ఊహే అక్కడ అసలు ప్రమాదం. స్టైరీన్ ఊరికే నిల్వ ఉన్నా తనలో తాను కలిసి గట్టిపడే ద్రవం, ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలపాలి, చల్లగా ఉంచాలి, లోపల ద్రవం తిరుగుతూ ఉండాలి.

ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో వచ్చినవి ఒక్కొక్కటే చూడండి. టీబీసీ స్టాకు లేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, పైపొరల్లో ఎంత వేడెక్కిందో అది చెప్పలేదు. 2019 డిసెంబరులో గొట్టాల అమరిక మార్చడంతో లోపల ద్రవం సరిగ్గా కలవలేదు. శీతలీకరణ రాత్రిళ్లు ఆపేసేవారు. సైరన్ మోగలేదు. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద రహస్యం కాదు. ప్లాంటు నడుస్తున్న రోజుల్లో అయితే ద్రవం వచ్చేది, పోయేది, కాబట్టి ఏ లోపమూ బయటపడేది కాదు. వారాల తరబడి ట్యాంకు కదలకుండా ఉండేసరికి అన్నీ కలిశాయి.

దీన్నుంచి మీ పనికి తీసుకోవాల్సినవి చెబుతాను. మామూలు రోజుకే కాక షట్‌డౌన్‌కు, మళ్లీ స్టార్ట్ చేసే రోజుకు, సెలవు రోజు రాత్రి షిఫ్టుకు విడివిడిగా అసెస్‌మెంట్ చేయండి. గేజీ చూసి "అంతా నార్మల్" అని రాసే ముందు ఆ గేజీ ఎక్కడి ఉష్ణోగ్రత చూపిస్తోందో అడగండి. పైపు ఒక్కటి మార్చినా పాత అసెస్‌మెంట్ చెల్లనట్టే. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989 ప్రకారం ప్లాంటు లోపల ఆరు నెలలకోసారి, బయట ఊళ్లతో కలిపి ఏడాదికోసారి మాక్ డ్రిల్ జరగాలి, దానికి ఊళ్లోవాళ్లు నిజంగా వచ్చారా, సైరన్ వినబడితే ఎటు పరిగెత్తాలో (గాలికి అడ్డంగా) వాళ్లకు తెలుసా అని కనుక్కోండి, ఫొటోలు చూసి సంతోషపడకండి.

నియంత్రణల వరస కూడా గుర్తుండాలి. ప్రమాదకరమైనదాన్ని అసలు లేకుండా చేయగలమా, తక్కువ ప్రమాదకరమైనది వాడగలమా, నిల్వ తగ్గించగలమా, యంత్రంతోనే అడ్డుకోగలమా అని చూసి, ఆ తర్వాతే శిక్షణ, బోర్డులు, చివరగా మాస్కులు. మన షీట్లలో చాలా గడుల్లో "పీపీఈ (మాస్కులు, తొడుగులు) వాడాలి" అని ఉంటుంది. అలా ఉంటే నేనైతే ఆ షీటు తిప్పి పంపిస్తాను.

ఆరో మెట్టు: తప్పుల లెక్క ముందే వేసుకోండి

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. వెయ్యి కుటుంబాల మీద ఫిర్యాదులు వచ్చాయనుకుందాం. నిజంగా తీవ్ర ప్రమాదం ఉన్నవి అందులో 20 అనుకుందాం. మన దగ్గర ఉన్న పరికరం ప్రమాదం ఉన్న ఇళ్లలో వందకు 80 పట్టుకుంటుంది, ప్రమాదం లేని ఇళ్లలో వందకు పదింటిని మాత్రమే పొరపాటుగా పట్టుకుంటుంది. వినడానికి బాగుంది కదా. లెక్క చేయండి. 20లో 16 దొరికాయి, 4 జారిపోయాయి. మిగతా 980లో 98 ఇళ్లు ఊరికే ఎర్రజాబితాలోకి వచ్చాయి. మొత్తం 114 ఎర్ర ఇళ్లలో నిజమైనవి 16, అంటే ఏడింట ఒకటి.

ఈ పరికరం మంచిదా చెడ్డదా? ఎర్రజాబితా ఇంటికి సోషల్ వర్కర్ వెళ్లి మాట్లాడి, కావాల్సిన సాయం చూసి రావడమే తర్వాతి పని అయితే పర్వాలేదు, 98 ఇళ్లకు ఒక చికాకు, అంతే. అదే స్కోరుతో బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్తే అది ఘోరం. అంకె అదే, పరికరం అదే, తర్వాత చేసే పని ఒక్కటే మారింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని అలెగెనీ కౌంటీ 2016 నుంచి వాడుతున్న స్క్రీనింగ్ పరికరం 1 నుంచి 20 వరకు స్కోరు ఇస్తుంది, దాన్ని ఫోన్ కాల్ మీద విచారణ మొదలుపెట్టాలా వద్దా అని చూడటానికి పెట్టుకున్నారు, బిడ్డను తీసేయడానికి కాదు. అయినా విమర్శ తప్పలేదు. ఎందుకంటే దానికి మేత ప్రభుత్వ సేవల రికార్డులు. ప్రైవేటు డాక్టరు దగ్గరికి, ప్రైవేటు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే కుటుంబం ఆ రికార్డుల్లో ఉండదు, ప్రభుత్వం మీద ఆధారపడే పేద కుటుంబం జీవితమంతా అందులోనే ఉంటుంది.

ఏడో మెట్టు: ఆ తప్పులు ఎవరి నెత్తిన పడుతున్నాయో చూడండి

2016లో ప్రోపబ్లికా జర్నలిస్టులు ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో కాంపాస్ స్కోర్లు తీసి, రెండేళ్లలో ఏం జరిగిందో పోల్చారు. తర్వాత మళ్లీ నేరం చేయనివాళ్లలో, "ముప్పు ఎక్కువ" అని ముద్ర పడినవాళ్లు నల్లజాతివారిలో వందకు సుమారు 45 మంది, తెల్లజాతివారిలో సుమారు 23 మంది. కాంపాస్ తయారుచేసిన కంపెనీ ఒప్పుకోలేదు, ఒకే స్కోరు వచ్చిన నల్లవాళ్లు, తెల్లవాళ్లు దాదాపు ఒకే శాతంలో మళ్లీ నేరం చేశారు కాబట్టి పరికరం న్యాయంగానే ఉందంది. విచిత్రం ఏమిటంటే ఇద్దరి లెక్కా సరైనదే. రెండు సమూహాల్లో మళ్లీ నేరం చేసేవాళ్ల మూల శాతం వేరుగా ఉంటే ఈ రెండు రకాల న్యాయాలూ ఒకేసారి కుదరవని ఆ తర్వాత గణితంతోనే నిరూపించారు. కాబట్టి ఏ రకం న్యాయం మీకు ముఖ్యమో మీరే ఎంచుకుని, ఎందుకో రాసిపెట్టాలి, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎంచుకోకూడదు. పైగా ఇక్కడ "మళ్లీ నేరం" అని కొలిచింది పోలీసు రికార్డునే. పోలీసులు ఎక్కువ తిరిగే పేటలో కేసులూ ఎక్కువే ఉంటాయి. 2018లో ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు, 137 అంశాల సమాచారం తీసుకునే కాంపాస్‌కు ఎంత కచ్చితత్వం ఉందో, వయసు, పాత కేసుల సంఖ్య అనే రెండే అంశాలతోనూ అంతే వస్తోందని.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాల్లో మోసం పట్టుకోవడానికి పెట్టిన వ్యవస్థ జాతీయతను కూడా ముప్పు అంశంగా చూసింది, వేలాది కుటుంబాలు చేయని మోసానికి అప్పులపాలయ్యాయి, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గరా ఉంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ రకరకాల ప్రభుత్వ డేటాబేసుల్లో పేర్లు, చిరునామాలు కలిపి చూసి పథకాలకు అనర్హుల్ని గుర్తిస్తుంది. పేరు పోలిక వల్ల రిక్షా తొక్కే మనిషికి కారు ఉన్నట్టు తేలి ఆ ఇంటికి రేషన్ ఆగిపోయిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ముందు కోసేసి తర్వాత వెళ్లి చూడటం కాదు, ముందు వెళ్లి చూడాలి.

ఎనిమిదో మెట్టు: స్కోరును కాదనే దారి, తేదీ, సంతకం

స్కోరు ఒకటి చెబుతుంటే మీ కళ్లు ఇంకొకటి చెబుతుంటే కాదనే హక్కు మీకుండాలి, కానీ కారణం రెండు వాక్యాల్లో రాయాలి. స్కోరు కంటే ముప్పు ఎక్కువని పైకి కాదన్నవి ఎన్ని, తక్కువని కిందికి కాదన్నవి ఎన్ని, ఎవరి విషయంలో అని మూడు నెలలకోసారి తిరగేయండి. ఒకే ఆఫీసరు ఒకే వర్గం వాళ్లను ఎప్పుడూ పైకే తోస్తుంటే అక్కడ కనిపిస్తుంది. ఒక్కటి కూడా కాదనకపోతే అదీ అనుమానించాల్సిందే, ఎవరూ చదవకుండా సంతకాలు పెడుతున్నారని అర్థం.

ప్రతి అసెస్‌మెంట్‌కూ గడువు తేదీ వేయండి. వార్డులో గంటలు, పిల్లల కేసులో వారాలు, ప్లాంటులో నెలలు. గడువుతో పనిలేకుండా వెంటనే మళ్లీ చేయాల్సిన సందర్భాలు పక్కనే రాయండి: ఇంట్లోకి కొత్త మనిషి రావడం, మందు మార్చడం, పైపు మార్చడం, కాంట్రాక్టర్ మారడం, తృటిలో తప్పిన ప్రమాదం.

ఇక మీ మీదే ఎవరైనా స్కోరు వేస్తే, బ్యాంకు కానీ ఆసుపత్రి కానీ ప్రభుత్వం కానీ, అడగాల్సినవి ఇవి: నా గురించి ఏ వివరాలు వాడారు, అందులో తప్పుంటే దిద్దించుకోవడానికి ఎవరి దగ్గరికి రావాలి, దిద్దేదాకా నాకు రావాల్సింది ఆపుతారా. లూమిస్ తన స్కోరు ఎలా వచ్చిందో చూపించమని అడిగితే అది కంపెనీ వ్యాపార రహస్యం అన్నారు. మీకు అలాంటి జవాబే వస్తే, దాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. ప్రభుత్వ శాఖ అయితే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి.